హమదాన్, షూష్, యజ్ద్: జరతుష్ట్ర మతమూ బైబిలూ ఎదురుపడ్డ చోట్లు

దేవదూతలు, సాతాను, పునరుత్థానం, అంతిమ తీర్పు ఇవన్నీ పాత పర్షియాలోని జరతుష్ట్ర మతం (నేటి పార్సీల మతం) నుంచే బైబిల్లోకి వచ్చాయని కొందరంటారు. ఒక్కటీ రాలేదని ఇంకొందరంటారు. ఇరాన్‌లో ఆధారాలున్న చోట్లు వరసగా చూస్తే ఈ రెండు మాటలూ నిలవవు. యూదులు రెండు వందల ఏళ్ళు పర్షియన్ల ఏలుబడిలో ఉన్నారు, అందులో సందేహం లేదు. ఏ నమ్మకం ఎటు నుంచి ఎటు వెళ్ళిందన్నది మాత్రం ఒక్కోదానికీ తేదీ చూసి తేల్చుకోవాల్సిందే. ఈ పదకొండు రోజుల యాత్రకి దారి వేసింది కూడా ఆ తేదీల కోసమే.

బయల్దేరే ముందు కొన్ని పనులున్నాయి. భారతీయులకి వీసా నిబంధనలు ఈ మధ్య పలుమార్లు మారాయి, ప్రాంతంలో యుద్ధ వాతావరణం వచ్చిపోతోంది. రాయబార కార్యాలయంలో, మన విదేశాంగ శాఖ సూచనల్లో చూసుకోకుండా టికెట్ కొనకండి. వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనిచెయ్యవు కాబట్టి ఖర్చంతా నగదుగా పట్టుకెళ్ళాలి. ధర అడిగితే తొమాన్లలో చెబుతారు, నోటు మీద రియాళ్ళుంటాయి. పది రియాళ్ళు ఒక తొమాన్. కొత్తవాళ్ళు ఇక్కడే పది రెట్ల తేడా పడతారు. ఆడవాళ్ళు తలమీద కప్పుకునే గుడ్డ చేతిలో ఉంచుకోవాలి. వెళ్ళడానికి ఏప్రిల్ రెండో సగం గానీ, అక్టోబరు గానీ మంచిది. మార్చి 21 నుంచి రెండు వారాలు నౌరూజ్ (పర్షియన్ల కొత్త సంవత్సరం) సెలవులు, అప్పుడు గదులు దొరకవు.

బైబిల్ తెలుగులోదే తీసుకెళ్ళండి. అయితే పేర్లు ముందే కలిపి రాసుకోవాలి: కోరెషు అంటే సైరస్, దర్యావేషు అంటే డారియస్, అహష్వేరోషు అంటే జెర్క్సీస్, షూషను అంటే నేటి షూష్. ఈ జాబితా లేకపోతే గైడు చెప్పేది ఒకటి, మీరు చదివేది ఇంకొకటి అవుతుంది.

మొదటి రోజు: టెహ్రాన్

జాతీయ మ్యూజియం పక్కన సీ-ఎ-తీర్ వీధి ఉంది. అద్రియాన్ అగ్నిమందిరం, హైమ్ సినగాగ్, ఆర్మేనియన్ల మరియమ్మ చర్చి, ప్రొటెస్టెంట్ల పేతురు చర్చి, ఓ మసీదు అన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. ఎప్పుడు తెరుస్తారన్నది గుమ్మం దగ్గరే అడగాలి. మ్యూజియంలో షూష్ నుంచి తెచ్చిన తల లేని డారియస్ విగ్రహం తప్పకుండా చూడాలి. ఈజిప్టులో చెక్కించి తెప్పించిన విగ్రహమది, అందుకే దాని మీద ఈజిప్టు చిత్రలిపి కూడా ఉంది. ఎవరి దేశంలో వాళ్ళ లిపిలో, వాళ్ళ దేవుళ్ళ పేరుతో మాట్లాడడం అకెమెనిద్ రాజుల, అంటే సైరస్, డారియస్, జెర్క్సీస్‌ల, పద్ధతి. యెరూషలేము విషయంలో ఏం జరిగిందో అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

రెండో రోజు: రే, అక్కణ్ణుంచి హమదాన్

మెట్రో ఒకటో లైన్లో షహ్ర్-ఎ-రే దాకా వెళ్ళొచ్చు. తోబీతు గ్రంథంలోని రాగెస్ ఇదే. ఆ పుస్తకం కథోలిక బైబిల్లో ఉంటుంది, ప్రొటెస్టెంట్ల దాంట్లో ఉండదు. అందుకని మనవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలియదు. సారా అనే అమ్మాయికి ఏడుసార్లు పెళ్ళయితే ఏడుగురు మొగుళ్ళనీ మొదటి రాత్రే అస్మోదియస్ అనే దయ్యం చంపేస్తుంది. చివరికి తోబియా చేప గుండెనీ కాలేయాన్నీ నిప్పుల మీద వేసి, ఆ పొగతో దాన్ని తరిమేస్తాడు.

జరతుష్ట్రుల పవిత్ర గ్రంథం అవెస్తాలో కోపానికి అధిపతి అయిన ఏష్మ అనే దయ్యం ఉంది. అస్మోదియస్ పేరు దాన్నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. పర్షియా నుంచి యూదు గ్రంథాల్లోకి వచ్చింది ఒక్కటి చూపించమంటే మొదట చూపించాల్సింది దీన్నే. మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో ఈ తోబీతు గ్రంథం అరమాయికు, హీబ్రూ ముక్కలు దొరికాయి కాబట్టి ఇది తర్వాతి క్రైస్తవుల కల్పన కాదు. రాసినాయన మాత్రం ఈ దారిన నడిచినట్టు లేదు. ఒక ప్రాచీన ప్రతిలో ఎక్బతానా (నేటి హమదాన్) నుంచి రాగెస్‌కి రెండు రోజుల ప్రయాణం అని ఉంది. అలెగ్జాండర్ సైన్యం పరుగులు పెడుతూ వచ్చినా పదకొండో రోజుకి గానీ చేరలేదు. టెహ్రాన్ నుంచి హమదాన్ ఇప్పుడు బస్సులో 320 కిలోమీటర్లు.

రే శివార్లలో తపె మీల్ అనే ససానియన్ల (ఇస్లాంకి ముందు చివరి పర్షియన్ రాజవంశం) కాలపు కట్టడపు శిథిలం ఉంది, అగ్నిమందిరమని చెబుతారు. టాక్సీని వెనక్కి పంపెయ్యకుండా ఆపి ఉంచుకోండి, అక్కడ ఇంకో బండి దొరకదు.

మూడో రోజు: హమదాన్

1,800 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు, వేసవిలో కూడా రాత్రి స్వెట్టర్ కావాలి. పొద్దున్నే ఎస్తేరు, మొర్దెకైల సమాధికి వెళ్ళాలి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం దాకా సబ్బాతు, ఆ సమయం పెట్టుకోవద్దు. రాతిపలకతో చేసిన తలుపు నడుం ఎత్తుకి కాస్త పైన ఉంటుంది, ఎవరైనా వంగి వెళ్ళాల్సిందే. లోపల గోడల మీద హీబ్రూ అక్షరాలు, పక్కపక్కన రెండు చెక్క పేటికలు. కట్టడం చూస్తే మంగోలు పాలకుల కాలంనాటిదిలా ఉంటుంది, అంటే ఎస్తేరు కథాకాలానికి పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ తర్వాతిది. ససానియన్ రాజు మొదటి యజ్దెగెర్ద్‌ని పెళ్ళాడిన యూదు రాణి షూషన్‌దుఖ్త్ సమాధి ఇదేమోనని పురావస్తు పండితుడు హెర్జ్‌ఫెల్డ్ అన్నాడు. అదీ రుజువైన మాట కాదు. హీబ్రూ ఎస్తేరు గ్రంథంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు కాబట్టి మత సిద్ధాంతాల కోసం దాన్ని వెతికి లాభం లేదు. దర్బారు, దూతలు, రాజముద్ర, మార్చడానికి వీల్లేని శాసనం లాంటి పర్షియన్ పరిపాలన మాత్రం అందులో దండిగా ఉంది.

అక్కడికి దగ్గర్లోనే హెగ్మతానే దిబ్బ, పాత ఎక్బతానా. 2024లో యునెస్కో జాబితాలో చేరింది. యెరూషలేము మందిరం కట్టుకోమని కోరెషు ఇచ్చిన ఆజ్ఞ తాలూకు ప్రతి ఈ ఊళ్ళోనే దొరికిందని ఎజ్రా 6:2 చెబుతుంది. తవ్విన చోట కనిపించే ఇటుక ఇళ్ళు మాత్రం చాలావరకు ససానియన్లకి ముందు ఏలిన పార్థియన్ల కాలంవి. ఆజ్ఞ దొరికిన గది ఇదేనని ఎవరైనా చూపిస్తే నవ్వి ఊరుకోండి. ఆవరణలోనే రెండు పాత చర్చిలున్నాయి.

మధ్యాహ్నానికి గంజ్‌నామె వెళ్ళాలి, ఊరికి నైరుతిన అల్వంద్ కొండ లోయలో. జలపాతం పక్కన బండరాతి మీద చతురస్రంగా చెక్కిన రెండు ఫలకాలు, ఎడమది డారియస్‌ది, కుడిది జెర్క్సీస్‌ది. ఒక్కోదాంట్లో మూడేసి వరుసలు: పాత పర్షియన్, బాబిలోనియన్, ఎలామైట్. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే అక్షరాలు కనిపిస్తాయి, నడినెత్తిన ఉంటే రాయి చదునుగా తెల్లబోతుంది. శుక్రవారం ఊరంతా అక్కడే ఉంటుంది.

డారియస్ ఫలకం ఎత్తుగడ ఇది (అహుర మజ్దా అంటే జరతుష్ట్రుల పరమదేవుడు): అహుర మజ్దా గొప్ప దేవుడు, ఈ భూమిని చేశాడు, ఆ ఆకాశాన్ని చేశాడు, మనిషిని చేశాడు, మనిషికి సుఖాన్ని చేశాడు, డారియస్‌ని రాజుని చేశాడు. ఇక్కడే నిలబడి యెషయా 45 చదవండి. 45:1లో కోరెషుని యెహోవా తన అభిషిక్తుడంటాడు. హీబ్రూలో మెస్సీయా అనే ఈ మాట యూదుడు కాని రాజుకి బైబిల్లో దక్కింది ఇతనొక్కడికే. 45:7లో వెలుగునీ చీకటినీ, మేలునీ కీడునీ చేసేది నేనే అంటాడు. వెలుగు ఒకరిది, చీకటి ఇంకొకరిది అనే పర్షియన్ ఆలోచనకి ఇది జవాబని కొందరంటారు. కావచ్చు. కానీ ఈ అధ్యాయాలు కోరెషు కాలానివి, మనం చూస్తున్న రాయి ఆయన తర్వాతిది. అది చదివి ఇది రాశాడనడం కుదరదు. భూమ్యాకాశాల్ని చేసినవాడే రాజుని నిలబెట్టాడనే ధోరణి రెండు చోట్లా ఒకే కాలంలో వినిపిస్తోందని మాత్రం ధైర్యంగా అనొచ్చు.

నాలుగో రోజు: బీసొతూన్

కెర్మాన్షా దారిలో ఉంది. బైనాక్యులర్స్ లేకపోతే వెళ్ళి లాభం లేదు. శిల్పం కొండ మీద అరవై మీటర్లకి పైన, సందర్శకులు ఉండేది కింద. డారియస్ కాలికింద పడి ఉన్నవాడు గౌమాత, మాగీలనే పర్షియన్ పురోహిత వర్గం వాడు. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులన్నచోట గ్రీకులో వాడిన పేరు ఈ మాగీలదే. శాసనం పొడుగునా శత్రువుల్ని తిట్టిన తిట్టు ఒక్కటే, అబద్ధం. సత్యానికీ అబద్ధానికీ మధ్య యుద్ధం అనేది జరతుష్ట్రుడి గాథల్లో (అవెస్తాలోని పాటల్లో) మూలసూత్రం. కుమ్రాన్ యూదుల నియమావళిలో సత్యాత్మ, వంచనాత్మ అని ఇద్దరు కనిపిస్తారు, ఆ పోలిక కొట్టిపారెయ్యలేనిది. అక్కడ మాత్రం ఆ ఇద్దరినీ దేవుడే నియమించాడు.

పర్షియన్ల మాట యూదులకి ఎలా చేరిందని అడిగితే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఈ బీసొతూన్ శాసనానికి అరమాయికు ప్రతి ఈజిప్టులోని ఎలిఫంటైన్ ద్వీపంలో, పర్షియన్ల కొలువులో ఉన్న యూదు సైనికుల కాగితాల మధ్య దొరికింది. రాజుగారి మాట యూదుల ఇళ్ళదాకా వెళ్ళేదనడానికి ఇంతకంటే ఏం కావాలి? రాత్రికి ఖొర్రమాబాద్ చేరితే మర్నాడు తేలిక.

ఐదో రోజు: షూష్

కొండలు దిగేసరికి వేడి మొదలవుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఇటు రావద్దు, 45 డిగ్రీలు దాటుతుంది. పొద్దున ఏడింటికే అపదాన (రాజుల సభామండపం) దిబ్బ ఎక్కాలి. ఎస్తేరు కథ, నెహెమ్యా 1:1, దానియేలు 8వ అధ్యాయం ఈ కోట చుట్టూనే నడుస్తాయి. కనిపించేది స్తంభాల మొదళ్ళూ, పునాది గీతలే. పునాదుల నకాషా ముందే ఫోనులో దింపుకుంటే తప్ప ఏది ఏ గదో తెలియదు. పక్కన నిలబడి ఉన్న కోట ఫ్రెంచివాళ్ళు తవ్వకాల కోసం కట్టుకున్నది.

దానియేలు సమాధి ఊరి మధ్య, షావూర్ ఏటి ఒడ్డున. మెట్లు మెట్లుగా పైకి సన్నబడే తెల్లటి గోపురం. ముస్లింల ప్రార్థనాస్థలం కాబట్టి ఆడవాళ్ళు చాదర్ కప్పుకోవాలి. 12వ శతాబ్దపు యూదు యాత్రికుడు, తుదెలావాడు బెంజమిన్, ఈ ఊరి సంగతి రాశాడు: సమాధి ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డుకి కలిసొస్తోందని జనం కొట్టుకుంటే, చివరికి శవపేటికని వంతెన మధ్య వేలాడదీశారట.

మట్టిలో నిద్రపోయేవాళ్ళు కొందరు నిత్యజీవానికీ, కొందరు నిందకీ లేస్తారని హీబ్రూ బైబిల్లో తేటగా చెప్పింది దానియేలు 12:2. ఆ భాగం సుమారు క్రీ.పూ. 165 నాటిది. చనిపోయినవాళ్ళు లేస్తారని మాగీలు నమ్ముతారని గ్రీకు రచయిత థియోపాంపస్ క్రీ.పూ. నాలుగో శతాబ్దంలోనే రాశాడు, ఆయన మాటల్ని తర్వాతి గ్రీకులు ఎత్తిరాశారు. జరతుష్ట్ర పునరుత్థానాన్ని వివరించే పహ్లవీ (మధ్యకాలపు పర్షియన్ భాష) గ్రంథాలు 9వ శతాబ్దంలో కూర్చినవి కాబట్టి వాళ్ళే క్రైస్తవుల నుంచి తీసుకున్నారనే వాదనకి థియోపాంపస్ ఒక్కడే అడ్డం. అంతమాత్రాన యూదులు అక్కణ్ణుంచే ఎత్తుకున్నారనీ తేలదు. యూదులు గ్రీకు రాజుల మీద తిరగబడ్డ మక్కబీయుల కాలంలో ధర్మం కోసం చచ్చినవాళ్ళకి న్యాయం ఎక్కడ అన్న ప్రశ్న వాళ్ళకి సొంతంగానే పుట్టింది. పొరుగున ఉన్న నమ్మకం ఆ ప్రశ్నకి ఆసరా అయి ఉండొచ్చు.

ఆరో రోజు

అహ్వాజ్ నుంచి షీరాజ్‌కి ప్రయాణం. శాకాహారులకి ఇక్కణ్ణుంచి కష్క్-ఎ-బాదెంజాన్ దిక్కు. వంకాయ గుజ్జులో ఎండబెట్టిన మజ్జిగ ముద్ద కలిపి చేస్తారు, మన పచ్చడికి దగ్గరగానే ఉంటుంది. మాంసం లేకుండా అని ముందే చెప్పాలి.

ఏడో రోజు: పర్సెపొలిస్, నక్ష్-ఎ-రొస్తమ్

షీరాజ్ నుంచి 60 కిలోమీటర్లు. పైకి వెళ్ళే జంట మెట్లు ఒక్కోవైపు 111, ఒక్కోటి పది సెంటీమీటర్లే. నీడ లేదు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకోండి. అపదాన తూర్పు మెట్ల మీద 23 దేశాల వాళ్ళు కానుకలు తెస్తుంటారు. యూదులు ఎవరని వెతకొద్దు, యూఫ్రటీసు నది అవతలి ప్రాంతంలో వాళ్ళదొక చిన్న మూల, విడిగా చెక్కలేదు.

ఇక్కడ దొరికిన జెర్క్సీస్ రాతిపలకల్లో ఒకటి ఈ యాత్రకి ప్రాణం. దైవాల్ని, అంటే అతని లెక్కలో దయ్యాల్ని, కొలిచే చోటు పడగొట్టి అక్కడ అహుర మజ్దాని కొలిచానంటాడు. అహుర మజ్దా నిలిపిన ధర్మాన్ని పాటించినవాడు బతికుండగా సుఖంగానూ, చచ్చాక ధన్యుడుగానూ ఉంటాడంటాడు. చనిపోయాక మంచి గతి నడవడికని బట్టి ఉంటుందన్న మాట, క్రీ.పూ. ఐదో శతాబ్దపు రాజు నోట. అదే అహష్వేరోషు ఎస్తేరు గ్రంథంలో విందులు చేసుకుంటూ కనిపిస్తాడు!

అలాగని అకెమెనిద్‌లు నేటి పార్సీల్లాంటి జరతుష్ట్రులే అనుకుంటే పొరపాటు. వాళ్ళ శాసనాల్లో జరతుష్ట్రుడి పేరు ఎక్కడా లేదు. ఇక్కడి కోటలో 1933లో దొరికిన ఎలామైట్ మట్టిపలకల్లో పూజలకిచ్చిన ధాన్యం, సారా లెక్కలున్నాయి. హుంబన్ అనే ఎలామైట్ దేవుడికీ రాజుగారి ఖజానా నుంచే వెళ్ళేది. రెక్కల బొమ్మ కనబడగానే ఇదే అహుర మజ్దా అని గైడ్లు చెప్పేస్తారు, పండితుల్లో దాని మీద ఏకాభిప్రాయం లేదు.

నక్ష్-ఎ-రొస్తమ్ ఇక్కడికి దగ్గరే, సాయంత్రం వెలుగులో చూడండి. ముందు ససానియన్ రాజు అర్దషీర్ పట్టాభిషేక శిల్పం దగ్గరకి వెళ్ళాలి. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒక గుర్రం మీది ఒహర్మజ్ద్, అంటే అహుర మజ్దా, ఇంకో గుర్రం మీది రాజుకి వలయం అందిస్తుంటాడు. రాజు గుర్రం కింద ఓడిన పార్థియన్ రాజు, దేవుడి గుర్రం కింద జుట్టులో పాములున్న అహ్రిమన్, అంటే చెడుకి అధిపతి. దేవుడికి సరిజోడు శత్రువు అన్న ఆలోచన రాతిలో ఇంత సూటిగా ఇంకెక్కడా కనపడదు. సాతాను కథ దీని పక్కన పెట్టి చూడాలి. జనాభా లెక్క తియ్యమని దావీదుని రేపింది దేవుడే అంటుంది 2 సమూయేలు 24:1. అదే సంగతి పర్షియన్ల కాలంలో తిరగరాసిన 1 దినవృత్తాంతములు 21:1లో రేపినవాడు సాతాను. అయినా బైబిల్ సాతాను దేవుడికి సరిసమానుడు ఎప్పుడూ కాలేదు. తీసుకున్నారనుకున్నా, సగమే తీసుకున్నారు.

ఎదురుగా గోతిలో నిలబడ్డ చదరపు బురుజు కాబా-యె-జర్తొష్త్. దాని గోడ మీద మూడో శతాబ్దం చివర్న ప్రధాన పురోహితుడు కర్తీర్ చెక్కించిన శాసనం ఉంది. రాజ్యంలో ఎవరెవర్ని అణిచానో వరసగా చెబుతాడు: యూదులు, శ్రమణులు (బౌద్ధులు), బ్రాహ్మణులు, నజరేయులు, క్రైస్తవులు, మానీ మతస్థులు. ఈ మతాల మధ్య బంధం అంటే ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడమే అనుకునేవాళ్ళు ఈ గోడ చూడాలి. వెక్కిరింతలూ నడిచాయి. యూదుల ధర్మగ్రంథం బాబిలోనియన్ తల్ముదులో ఒక మాగీ అమేమార్ అనే రబ్బీతో, నీ నడుం పైభాగం హోర్మిజ్‌ది (అహుర మజ్దాది), కిందిది అహ్రిమన్‌ది అంటాడు. మరైతే తన నేల మీదుగా హోర్మిజ్ మూత్రం పోనివ్వడానికి అహ్రిమన్ ఎలా ఒప్పుకున్నాడంటాడు రబ్బీ.

ఎనిమిదో రోజు: పాసర్గద్ మీదుగా యజ్ద్

ఆరు మెట్ల అరుగు మీద చిన్న రాతిగది, కోరెషు సమాధి. ఇస్లాం వచ్చాక దీన్ని సొలొమోను తల్లి సమాధి అన్నారు. అక్టోబరు 29కి అటూ ఇటూ ఇక్కడికి జనం వస్తారని దారులు మూసేస్తుంటారు, ఆ తేదీ తప్పించండి. కోరెషు శాసనం చెక్కిన మట్టి సిలిండర్ 1879లో బాబిలోన్‌లో దొరికింది, బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మానవహక్కుల తొలి పత్రమని చెప్పే అనువాదాలు ఇంటర్నెట్లో తిరుగుతుంటాయి, అందులో బానిసత్వాన్ని రద్దు చేశాడన్న వాక్యాలు కల్పితం. అసలు పాఠంలో యూదుల ఊసు లేదు, యెరూషలేము లేదు, పొగిడింది బాబిలోను దేవుడు మర్దూక్‌ని. చెరపట్టిన దేవతల్ని వాళ్ళ వాళ్ళ గుళ్ళకి పంపించడం ఆయన విధానమని మాత్రం తెలుస్తుంది. ఎజ్రా 1వ అధ్యాయం ఆ విధానంలో సరిగ్గా ఇముడుతుంది. సాయంత్రానికి అబర్కూహ్ మీదుగా యజ్ద్.

తొమ్మిదో రోజు: యజ్ద్

సికింద్రాబాద్ ఎం.జి. రోడ్డులో, ఆబిడ్స్‌లో ఉన్న అగ్యారీల్లోకి (పార్సీల అగ్నిమందిరాల్లోకి) పార్సీలు కానివాళ్ళని రానివ్వరు. యజ్ద్‌లోని అగ్నిమందిరం ఆతష్ బెహ్రామ్‌లో అద్దం వెనక అగ్నిని ఎవరైనా చూడొచ్చు. భవనం 1934 నాటిది, బొంబాయి పార్సీల డబ్బుతో కట్టింది. అగ్ని మాత్రం క్రీ.శ. 470 నుంచి ఆరలేదని చెప్పుకుంటారు. ఊరి దక్షిణాన రెండు గుట్టల మీద దఖ్మాలు, అంటే శవాల్ని ఉంచే గుండ్రటి బురుజులు, ఉన్నాయి. 1970ల దాకా శవాల్ని ఇక్కడ ఉంచేవాళ్ళు, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ పిల్లలకీ వేర్వేరు వలయాలు, మధ్యలో ఎముకల గొయ్యి.

రక్షకుడి సంగతి అడగాల్సింది ఇక్కడే. జరతుష్ట్రుల రక్షకుడు సావోష్యంత్ కన్యకి పుడతాడు కాబట్టి యేసు కథకి మూలం అదేనని తరచూ వినిపిస్తుంది. గ్రంథాల్లో ఉన్నది వేరు: జరతుష్ట్రుడి వీర్యం ఓ సరస్సులో భద్రంగా ఉంటుంది, అందులో స్నానం చేసిన కన్య గర్భం దాలుస్తుంది. తండ్రి ఉన్నాడు. డిసెంబరు 25 ఇరాన్ దేవుడు మిత్ర జయంతి అనే మాట ఇంకా బలహీనం, రోమన్ల మిత్రాస్ పూజకీ ఇరాన్ మిత్రకీ మధ్య పేరు తప్ప కలిసేది తక్కువ.

పదో రోజు

చక్ చక్, 70 కిలోమీటర్లు, ఎడారిలో. చివరి ససానియన్ రాజు కూతురు శత్రువులకి చిక్కకుండా కొండలో కలిసిపోయిందంటారు. జూన్ 14 నుంచి 18 దాకా జరతుష్ట్రుల జాతర, ఆ రోజుల్లో బయటివాళ్ళు వెళ్ళకూడదు. సాయంత్రం ఇస్ఫహాన్.

పదకొండో రోజు: ఇస్ఫహాన్

షా అబ్బాస్ తరలించి తెచ్చిన ఆర్మేనియన్ల పేట జుల్ఫా. వాంక్ చర్చిలో అంతిమ తీర్పు చిత్రం ముందు కాసేపు ఆగండి. పైన స్వర్గం, కింద దయ్యాలు పాపుల్ని లాక్కెళ్ళే నరకం. జరతుష్ట్రుల దగ్గరా తీర్పుంది, చచ్చినవాళ్ళ ఆత్మలు దాటే చిన్వత్ వంతెనుంది, లోకాంతంలో కరిగిన లోహపు నది ఉంది. ఆ నది మంచివాళ్ళకి గోరువెచ్చని పాలలా ఉంటుంది, చెడ్డవాళ్ళని కాల్చి శుద్ధి చేస్తుంది. చివరికి అందరూ బయటపడతారు, నరకం ఖాళీ అవుతుంది. ఈ గోడ మీది నరకం అలా ముగియదు. పోలికలు రాసుకునేవాళ్ళు సాధారణంగా ఈ తేడాని వదిలేస్తారు. చర్చి ఎదురుగా ఉన్న మ్యూజియానికీ గంట ఉంచుకోండి. టెహ్రాన్‌కి రాత్రి బస్సులు ఇస్ఫహాన్ కావే టెర్మినల్ నుంచి దొరుకుతాయి.